పక్కకి జరిగిన ఎరుపు

మా ఇంట్లో నక్క ఒకచోట ఉంటుంది,
దాని ఎరుపు ఇంకోచోట.
వెంట్రుకవాసి కాదు, గోరంత ఎడం.
ఉత్త గీతల్లో తెల్లటి నక్క,
దాని ముందు, ఎవరికీ చెందనట్టు,
నక్క ఆకారంలో ఓ ఎర్రటి మరక.

రాయపేటలో, ఏడాదికోసారి పేరు మారే ప్రెస్సులో
మా నాన్న వరదరాజులు ఎరుపు మనిషి.
పసుపు వేసేది కాసిం, నీలం ఎవరో మలయాళీ ఆయన,
నలుపు మాత్రం ఓనరు బావమరిది.
నాన్నకి తన రంగు తప్ప తెలీదు.
రాత్రి అన్నం కలుపుతుంటే
గోళ్ళ సందుల్లో ఆ రోజు అచ్చయిన
మందారమో, రాజుగారి తలపాగానో.

ఐప్పసి వానలకి కాగితం ఉబ్బుతుందట.
నిన్నటి నీలానికి ఇవాళ్టి ఎరుపు కుదరదట.
అలా చెడిన షీట్లు వీశె లెక్కన పొట్లాల కొట్టుకి పోయేవి.
కొన్ని మాత్రం నాన్న చొక్కా లోపల ఇంటికొచ్చేవి.
వాటిని మడిచి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో
అమ్మ కుట్టింది మా పుస్తకం.
తొమ్మిదో పేజీ రెండుసార్లు,
పదకొండు లేనే లేదు.

అమ్మకి చదువు రాదు.
ఆ సంగతి రెండో క్లాసుదాకా నాకు తెలీదు.
వేలు పెట్టి, వరస తప్పకుండా,
కుడి చివర ఆగి ఊపిరి పీల్చి, కిందికి దిగి
చదివేది:
“అరిటాకు తెస్తున్నా, ఆగండి ఆగండి,
ఆకు రాకుండానే అన్నాలు పెట్టకండి!”
నక్క పెళ్ళికి వెళ్తోంది. ఆలస్యమైంది.
తొందర మరీ ఎక్కువై
దాని రంగు దానికంటే ముందే పరిగెత్తింది.
ఏ రోజూ ఒక్క మాట మారేది కాదు.

తర్వాత నాకు అక్షరాలొచ్చాయి.
నక్క కింద ఏముందో కూడబలుక్కున్నాను.
“ఆ జిత్తులమారికి తగిన శాస్తి జరిగెను.”
అంతే. పెళ్ళి లేదు.
అరిటాకు అనుకున్నది ఎవరిదో కోడి రెక్క.
వంటింట్లో అమ్మ చింతపండు పిసుకుతోంది.
పుస్తకం పట్టుకెళ్ళి,
“నువ్వే చదువమ్మా, నాకు కళ్ళు మంట” అన్నాను.
చేతులు కడుక్కుని వచ్చింది.

నా కూతురు మంజరికీ ఆ అరిటాకే చదివాను.
అదిప్పుడు బొమ్మలేసే ఆఫీసులో పెద్ద ఉద్యోగి.
మొన్నామధ్య ఆ పేజీని స్కాన్ చేసి,
ఎరుపుని నెట్టి నక్కలో సర్ది
నా ఫోనుకి పంపింది.
చాలా బాగుంది.
ఎవరింటి నక్కో.

చూలైమేడు, మూడో అంతస్తు.
వీధిలో మోకాలి లోతు నీళ్ళు, కరెంటు తీసేశారు.
మంజరి కూతురు యాళిని
నా ఫోను టార్చి పట్టుకుని కూర్చుంది.
నాన్నతో తమిళం, బడిలో ఇంగ్లీషు,
నాతో తెలుగు, అదీ ఆకలేసినప్పుడూ అలిగినప్పుడూ.
అక్షరాలు రావు.

“నరి” అంది.
“నక్క” అన్నాను.
“నక్క నరి” అని తగువు తీర్చేసింది.
పేజీ వేలికి చెమ్మగా తగిలింది.
అరవై ఏళ్ళయినా ఈ కాగితానికి
వాన పడితే చాలు, పొంగే.

గొంతు సవరించుకున్నాను,
అరిటాకు నాలుక చివరనే ఉంది.
ఈలోగా అది ఎర్రమరక మీద వేలు పెట్టి,
“అవ్వా, ఇది రెయిన్‌కోటు.
వేసుకోమంటే వేసుకోలేదు.
వాళ్ళమ్మ పట్టుకుని నిలబడింది,
అమ్మ పేజీ బయట ఉంది.”

పేజీ బయటికి టార్చి తిప్పి చూశాం.
నా చీర కుచ్చిళ్ళు, తడిసిన గడప.

“అదేనా ఇక్కడ రాసింది?”
“అదే.”
“అయితే వాన ఏది, చూపించు.”
శాస్తిలో మొదటి అక్షరం మీద
దాని వేలు తీసుకెళ్ళి పెట్టాను.
“ఇదీ వాన.”
“మరి కోటు?”
వేలిని కాస్త పక్కకి జరిపాను.